తలంబ్రాలు పోసేటప్పుడే వీడియో ఎందుకు గళ్లు పడుతుంది?

విశాఖలో పెళ్లి లైవ్ పెట్టేవాళ్లకూ, దూరం నుంచి చూసేవాళ్లకూ ఇది తెలిసిన సంగతే. మధురవాడలో ఒక కల్యాణ మండపం, రాత్రి పదిన్నరకు ముహూర్తం. వేసవి పెళ్లి అయితే అమెరికా తూర్పు తీరంలో అప్పుడు మధ్యాహ్నం ఒంటిగంట. అక్కడున్న పెదనాన్న కొడుకు లంచ్ బాక్స్ పక్కన పెట్టుకుని లింకు తెరుస్తాడు. గౌరీపూజ, కన్యాదానం దాకా బొమ్మ అద్దంలా వస్తుంది. జీలకర్రా బెల్లం, మాంగల్యధారణ కూడా బాగానే గడుస్తాయి. తలంబ్రాలు మొదలయ్యాయో లేదో, పెళ్లికొడుకు మొహం గళ్లుగళ్లుగా విడిపోతుంది. పట్టుచీర జరీ అంచు కరిగిన మైనంలా పాకుతుంది. పక్కన నిలబడ్డ అత్తయ్య ఎవరో పోల్చుకోలేం. “మీ నెట్ బాగోలేదు” అని ఇక్కడివాళ్లు అంటారు, “మా నెట్‌కేం, మీ దగ్గరే ఏదో అయింది” అని అక్కడివాళ్లు. చిత్రం ఏమిటంటే, ఆ రెండు నిమిషాల్లో నెట్ ఎక్కడా తగ్గి ఉండకపోవచ్చు. మారింది కెమెరా ముందున్న దృశ్యం.

అంతవరకు పెద్దగా కదలిక లేని పీటల మీదికి ఒక్కసారిగా వేల బియ్యపు గింజలు, వాటిలో కలిపిన థర్మోకోల్ పూసలు, చమ్కీలు వచ్చి పడ్డాయి. వాటన్నిటినీ చూపించాలంటే సెకనుకు ఇంత సమాచారం పంపాలి అని ఒక లెక్క ఉంటుంది. లైవ్ పెట్టినాయన దానికి కేటాయించింది అందులో మూడో వంతు. ఆ లెక్క పేరే బిట్‌రేట్. దాన్ని ముందే ఉజ్జాయింపుగా కట్టుకోవచ్చు, పెద్ద గణితం కూడా అక్కర్లేదు. చాలామంది కట్టుకోరు, అంతే.

బిట్‌రేట్ అంటే ఒక సెకను వీడియో మీద ఖర్చు పెట్టే బిట్ల సంఖ్య. బిట్ అంటే కంప్యూటర్ సమాచారానికి అతి చిన్న కొలత. లైవ్ పంపడానికి వాడే ఓబీఎస్ లాంటి సాఫ్ట్‌వేర్‌లో ఇది కేబీపీఎస్‌లలో, కెమెరా మెనూలో ఎంబీపీఎస్‌లలో కనిపిస్తుంది. మొదటిది సెకనుకు కిలోబిట్లు, రెండోది సెకనుకు మెగాబిట్లు. వెయ్యి కేబీపీఎస్‌లు ఒక ఎంబీపీఎస్. ఇక్కడివరకు ఎవరికీ ఇబ్బంది లేదు. తికమకంతా బిట్టుకూ బైటుకూ మధ్య వస్తుంది. నెట్ కంపెనీ స్పీడు చెప్పేది మెగాబిట్లలో, మెమరీ కార్డు మీద రాసి ఉండేది బైట్లలో. ఎనిమిది బిట్లయితే ఒక బైటు. కాబట్టి 8 ఎంబీపీఎస్ వీడియో సెకనుకు ఒక మెగాబైటు తింటుంది, నిమిషానికి 60 ఎంబీ, గంటకు 3.6 జీబీ. నోటిలెక్కకు ఇంకో దారి ఉంది: ఎంబీపీఎస్‌ని 0.45తో గుణిస్తే గంటకు ఎన్ని జీబీలో వచ్చేస్తుంది. 4 అయితే 1.8 జీబీ, 6 అయితే 2.7 జీబీ. రోజుకు 1.5 జీబీ ఇచ్చే ఫోన్ ప్యాక్ మీద 4 ఎంబీపీఎస్ లైవ్ మొదలుపెడితే యాభై నిమిషాలకు ప్యాక్ అయిపోతుంది. అప్పటికి పంతులుగారు కన్యాదానం దాకా కూడా వచ్చి ఉండకపోవచ్చు.

ధ్వని ఖర్చు దీని ముందు చిల్లర. ఏఏసీ అనే ధ్వని కుదింపు పద్ధతిలో స్టీరియోకు 128 కేబీపీఎస్ సరిపోతుంది, అంటే గంటకు 58 ఎంబీ లోపే. బిట్లు మిగిల్చాలని ధ్వనిలో కోత పెట్టడం తెలివితక్కువ పని. బొమ్మ కాస్త మసకబారినా మంత్రం, సన్నాయి శుభ్రంగా వినబడుతుంటే చూసేవాళ్లు లేచి వెళ్లరు.

ఇక అసలు సంగతి. 1080పీ బొమ్మలో 1920 అడ్డం, 1080 నిలువు, మొత్తం 20,73,600 చుక్కలు ఉంటాయి. ఒక్కో చుక్క రంగుకు 24 బిట్లు, సెకనుకు 30 ఫ్రేములు (వరుసగా వచ్చే నిశ్చల బొమ్మలు) వేసుకుంటే సెకనుకు 149 కోట్ల బిట్లు. ఇంత సరుకు పంపే నెట్ ఏ మండపంలోనూ ఉండదు. 8 ఎంబీపీఎస్ అంటే సెకనుకు 80 లక్షల బిట్లు. అంటే దాదాపు 186 పాళ్లలో ఒక్క పాలు మాత్రమే ఉంచి, మిగతా 185 పాళ్లూ కంటికి తెలియకుండా మాయం చేయాలి. మన కన్ను వెలుగునీడల తేడా పట్టినంత బాగా రంగు తేడా పట్టదు కాబట్టి, రంగు సమాచారాన్ని పలచన చేసి ముందుగానే సగం తగ్గించేస్తారు. మిగిలిన పనంతా వీడియోను కుదించే ఎన్‌కోడర్‌ది.

ఎన్‌కోడర్ చేసే పని కిరాణా కొట్టు ఖాతా పుస్తకం లాంటిది. కొట్టాయన రోజూ మొదటినుంచి లెక్కంతా తిరగరాయడు. పేజీ మొదట్లో పాత బాకీ ఒకసారి వేసి, కింద ఆ రోజు తీసుకున్న సరుకు మాత్రం రాస్తాడు. వీడియోలోనూ అంతే. ఒక ఫ్రేమును పూర్తిగా రాస్తుంది, దాన్ని కీ ఫ్రేమ్ అంటారు. ఆ తర్వాతి ఫ్రేముల్లో “ఈ ముక్క ఇటు జరిగింది, ఈ మూల కొత్తగా ఇది వచ్చింది” అని మార్పులు మాత్రమే రాసుకుంటూ పోతుంది. మార్పు తక్కువైతే పద్దు చిన్నది. పంతులుగారు కూర్చుని మంత్రం చదువుతుంటే మారేవి పెదవులు, చేతులు, హోమం పొగ. వెనకున్న పూల డెకరేషన్‌కు దాదాపు ఖర్చే లేదు, పాత బాకీలోనే ఉంది.

లైవ్‌లో కీ ఫ్రేము రెండు సెకన్లకోసారి వేయడం వాడుక. యూట్యూబ్ కూడా నాలుగు సెకన్లు దాటొద్దంటుంది. మధ్యలో లింకు తెరిచినవాళ్లకు బొమ్మ మొదలయ్యేది కీ ఫ్రేము దగ్గరే. కీ ఫ్రేము మామూలు ఫ్రేము కంటే చాలా రెట్లు బరువు. బిట్‌రేట్ మరీ తక్కువ పెట్టిన లైవ్‌లో రెండేసి సెకన్లకు ఒకసారి బొమ్మ ఊపిరి పీల్చి వదిలినట్టు మెరుగై మళ్లీ మసకబారుతుంటే, కారణం ఇదే.

మార్పుకే ఖర్చు అన్న ముక్క పట్టుబడితే ఏ దృశ్యానికి ఎంత కావాలో అంచనా దానంతటదే వస్తుంది. ఆర్కే బీచ్‌లో స్టాండు వేసి కెమెరాను కురుసుర జలాంతర్గామి వైపు తిప్పండి. 2002 నుంచి మ్యూజియంగా ఇసుక మీదే ఉన్న ఇనుప దిమ్మ అది, కదలదు మెదలదు. ముందు నడిచే నలుగురు మనుషులకే బిట్లు పోతాయి. అదే స్టాండు మీద కెమెరాను సముద్రం వైపు తిప్పితే లెక్క తలకిందులవుతుంది. అల విరిగినప్పుడు వచ్చే నురుగుకు నిన్నటి రూపం, ఇవాళ్టి రూపం అంటూ ఉండదు. “ఈ ముక్క అటు జరిగింది” అని రాయడానికి వీలుండదు. ప్రతి ఫ్రేములోనూ ప్రతి నురుగు అంచూ కొత్త సరుకే. చోటు ఒకటే, కెమెరా ఒకటే, రిజల్యూషన్ (బొమ్మలోని చుక్కల సంఖ్య) ఒకటే, అయినా ఖర్చు నాలుగు రెట్లు తేడా రావచ్చు. కైలాసగిరి మీదినుంచి తీస్తే అదే సముద్రం నీలిగుడ్డ పరిచినట్టు, చాలా చవకగా వస్తుంది. దూరం వల్ల నురుగు వివరమే బొమ్మలోకి రాదు మరి. బీచ్ రోడ్డు మీద డ్రోన్ ఎగరేసి తీస్తే మాత్రం ఇసుక, అలలు, చెట్లు, రోడ్డు అన్నీ ఒకేసారి కదులుతాయి. నేవీ డే విన్యాసాల్లో హెలికాప్టర్ గాలికి లేచే నీటి తుంపర, రంగు పొగ కూడా ఈ ఖాతాలోవే.

తలంబ్రాలు నురుగుకు అన్న. గింజలు చిన్నవి, వేగంగా పడతాయి, ఒకదాన్నొకటి కప్పేస్తాయి, మీద పడి చెదురుతాయి, పైగా చమ్కీలు లైటుకు మెరుస్తాయి. మెరుపంటే అదే చోట రంగు ఠక్కున మారడం. ఈమధ్య దీనికి తోడు పూలరేకులు చిమ్మే మెషీను, డ్రై ఐస్ పొగ. ఎన్‌కోడర్‌ను ఏడిపించడానికే ఎవరో కూర్చుని రాసిన కార్యక్రమంలా ఉంటుంది.

కంటికి కనబడని మార్పులు కూడా ఉన్నాయి, వాటి సంగతి చాలామంది పట్టించుకోరు. ఒకటి, చీకట్లో తీసే వీడియోలో వచ్చే నాయిస్. వెలుతురు చాలక కెమెరా తన వెలుతురు పసిగట్టే సెట్టింగైన ఐఎస్‌ఓ పెంచుకున్నప్పుడు బొమ్మంతా ఇసుక చల్లినట్టు చుక్కలు కదులుతుంటాయి. ఎన్‌కోడర్‌కు అది నాయిస్ అని తెలియదు, కొత్త వివరం అనుకుని దాని మీద కూడా బిట్లు తగలేస్తుంది. రెండోది లైట్ల మినుకు. మన కరెంటు సెకనుకు 50 ఆవృత్తులది. దాని మీద వెలిగే కొన్ని లైట్లు సెకనుకు వంద సార్లు మినుకుతాయి. కెమెరా 30 ఫ్రేముల మీద, షట్టర్ సెకనులో 60వ వంతు మీద ఉంటే ఫ్రేము ఫ్రేముకూ వెలుతురు కొద్దిగా మారుతుంది, అంటే కదలని గోడ కూడా మారిన పద్దే. 25 ఫ్రేములు, 50వ వంతు షట్టర్ పెడితే ఈ గొడవ చాలావరకు పోతుంది, పైగా ఫ్రేములు తగ్గినందుకు బిట్లూ మిగులుతాయి. 30 పెడితేనే గొప్ప అనుకునే అలవాటు మన దగ్గర ఎందుకు పాతుకుపోయిందో గానీ, విశాఖ మండపంలో 25కే ఓటు.

ఇప్పుడు లెక్కకు వద్దాం. వీడియోను కుదించే హెచ్.264 పద్ధతికి చాలాకాలంగా వాడుకలో ఉన్న ఒక సూత్రం ఉంది, కుష్ గేజ్ అంటారు. అడ్డం చుక్కలను నిలువు చుక్కలతో, ఆ వచ్చినదాన్ని ఫ్రేముల సంఖ్యతో గుణించాలి. దాన్ని 0.07తో, తర్వాత కదలిక అంకెతో గుణించాలి. కదలిక తక్కువైతే అంకె 1, మధ్యస్థమైతే 2, విపరీతమైతే 4. వచ్చేది సెకనుకు కావలసిన బిట్లు. దివ్యమైన సూత్రమేమీ కాదు, బండలెక్కే. అయినా పనికొచ్చే బండలెక్క.

1080పీ, 30 ఫ్రేములకు వేస్తే: పంతులుగారు మంత్రం చదువుతున్నప్పుడు 4.35 ఎంబీపీఎస్. చుట్టాలు అటూ ఇటూ తిరుగుతున్నప్పుడు 8.7. తలంబ్రాలకు 17.4. చాలామంది లైవ్‌కు పెట్టే 6 ఎంబీపీఎస్‌ని వీటి పక్కన పెడితే, మొదటి గంట అద్దంలా ఎందుకుందో, ఆ రెండు నిమిషాలు ఎందుకు చెడిందో ఇక ఎవరూ చెప్పక్కర్లేదు. కావలసింది 17, ఇచ్చింది 6. అదే 720పీ (1280 అడ్డం, 720 నిలువు), 25 ఫ్రేములకు ఈ లెక్క కట్టండి. మంత్రాలకు 1.6, తిరుగుళ్లకు 3.2, తలంబ్రాలకు 6.45. అదే 6 ఎంబీపీఎస్ ఇప్పుడు దాదాపు సరిపోయింది. రిజల్యూషన్ తగ్గిస్తే బొమ్మ బాగుపడటం వినడానికి వింతగా ఉంటుంది. కానీ పిండి కొద్దీ రొట్టె. ఉన్న పిండిని పెద్ద పెనం నిండా పరిస్తే అట్టు చిల్లులు పడుతుంది, చిన్న పెనం మీద వేస్తే నిండుగా వస్తుంది. ఫోన్లో చూసే మేనత్తకు 720పీకీ 1080పీకీ తేడా తెలియదు, గళ్లు మాత్రం తెలుస్తాయి.

ఈ సూత్రాన్ని గుడ్డిగా పట్టుకుని పైపైకి వెళ్లకూడదు. చుక్కలు నాలుగు రెట్లయితే బిట్లు కూడా సరిగ్గా నాలుగు రెట్లు కానక్కర్లేదు. పక్కపక్క చుక్కలు ఒకేలా ఉండటం పెరుగుతుంది కాబట్టి 2.8 రెట్లు చాలంటారు అనుభవజ్ఞులు. ఫ్రేముల విషయంలోనూ అంతే. ఫ్రేముకీ ఫ్రేముకీ మధ్య సమయం తగ్గితే మార్పూ తగ్గుతుంది. యూట్యూబ్ వీడియో అప్‌లోడ్‌కు ఇచ్చే సిఫారసుల్లో 1080పీకి 30 ఫ్రేములైతే 8, 60 అయితే 12 ఎంబీపీఎస్. ఫ్రేములు రెట్టింపయినా బిట్లు ఒకటిన్నర రెట్లే అన్నమాట.

ఎన్‌కోడర్ రకాన్ని బట్టి కూడా అంకె మారుతుంది. 2003 నాటి హెచ్.264 ఇప్పటికీ అన్ని ఫోన్లలో, టీవీల్లో ఆడేది. 2013లో వచ్చిన హెచ్.265 అదే నాణ్యతను దాదాపు సగం బిట్లలో ఇస్తుంది, 2018లో వచ్చిన ఏవీ1 ఇంకొంచెం తగ్గిస్తుంది. అయితే ఊరికే రాదు. లెక్క ఎక్కువ చేయాలి, ల్యాప్‌టాప్ వేడెక్కుతుంది, పాత గ్రాఫిక్స్ కార్డు చేతులెత్తేస్తుంది. ఏసీ అంతంతమాత్రంగా ఉన్న మండపంలో, మే నెల విశాఖ ఉక్కలో, మూడు గంటలపాటు ల్యాప్‌టాప్ మీద ఆ బరువు పెట్టడం ఎందుకు? లైవ్‌కు హెచ్.264తోనే హాయి.

అసలు ఇరుకు ఎక్కడుంది

ఇంతవరకు కట్టింది దృశ్యానికి ఎంత కావాలన్న లెక్క. పంపగలిగేది ఎంతన్నది వేరే లెక్క. రెండింటిలో ఏది తక్కువైతే దానికే కట్టుబడాలి. లైవ్ పెట్టేవాడికి కావలసింది అప్‌లోడ్ స్పీడు, బోర్డు మీద పెద్దక్షరాలతో రాసేది చాలాసార్లు డౌన్‌లోడ్ స్పీడు. ఫైబర్ కనెక్షన్లలో రెండూ సమానంగా ఇచ్చే ప్లాన్లున్నాయి. కొన్నిచోట్ల అప్‌లోడ్ బాగా తక్కువ. ఫోన్ హాట్‌స్పాట్ మీదైతే మరీ అనుమానం. మండపంలో ఆరువందలమంది చుట్టాలు ఆరువందల ఫోన్లతో అదే టవర్ మీద పడి, అదే క్షణంలో స్టేటస్‌లు పెడుతుంటారు. తలంబ్రాల వేళ ఆ తాకిడి ఇంకా పెరుగుతుంది. దృశ్యం ఎక్కువ బిట్లు అడిగే వేళా, నెట్ తక్కువ ఇచ్చే వేళా ఒకటే కావడం లైవ్ పెట్టేవాళ్ల ప్రారబ్ధం.

2025 అక్టోబరులో గూగుల్ విశాఖకు 1500 కోట్ల డాలర్ల డేటా సెంటర్ ప్రకటించినప్పటి నుంచి “ఇక మన ఊళ్లో నెట్‌కు తిరుగుండదు” అన్న మాట అక్కడక్కడ వినబడుతోంది. డేటా సెంటర్ ఊళ్లో ఉన్నంత మాత్రాన మండపం గోడ మీది రౌటర్‌కు అప్‌లోడ్ పెరగదు. ఊరి పక్కన రిజర్వాయర్ కట్టినా వీధి కుళాయి గొట్టం అర అంగుళమే అయితే బిందె నిండే వేగం మారదు కదా.

స్పీడ్ టెస్ట్ విషయంలో ఒక జాగ్రత్త. అది పదీ పదిహేను సెకన్ల పరుగు, అదీ దగ్గర్లోని సర్వర్ దాకా. లైవ్ మూడు గంటల నడక. ఒక్కసారి చూసి 10 ఎంబీపీఎస్ వచ్చిందని 10కి పెట్టేస్తే పని చెడినట్టే. ముహూర్తం వేళకే, వీలైతే జనం ఉన్న రోజే, పదేసి నిమిషాలకొకసారి ఐదారు సార్లు కొలవాలి. వచ్చినవాటిలో పెద్దదాన్ని, సగటునూ పక్కనపెట్టి, అన్నిటికన్నా చిన్నదాన్ని తీసుకోవాలి. అందులో డెబ్భై శాతం లైవ్‌కు ఇవ్వాలి. కొలతలు 10, 9, 7, 11, 8 వస్తే 7లో డెబ్భై శాతం, అంటే 4.9. ఐదుకు మించకూడదు. అప్పుడు 1080పీ ఆశ వదులుకోవాలి. ఆ 30 శాతం వృథా కాదా అని అడుగుతారు. నెట్ ఒక్క క్షణం తడబడితే వెనకపడ్డ సరుకును అందుకోవడానికి ఆ ఖాళీయే ఆధారం. అది లేకపోతే ఫ్రేములు రాలిపోతాయి. ఓబీఎస్ కిటికీ అడుగున డ్రాప్ అయిన ఫ్రేముల అంకె పెరుగుతుంటే దృశ్యాన్ని తిట్టి లాభం లేదు, అది దారి ఇరుకు. ఆ అంకె సున్నా మీదే ఉండి బొమ్మ గళ్లు పడుతుంటే బిట్లు చాలలేదని అర్థం. ఈ రెండింటినీ విడదీసి చూడగలిగితే ఇక్కడివాళ్లకూ అక్కడివాళ్లకూ సగం తగాదా తీరుతుంది.

చూసేవాళ్ల వైపు లెక్క వేరు. యూట్యూబ్ తనకు చేరిన వీడియోను మళ్లీ కుదించి, పెద్దవీ చిన్నవీ రకరకాల సైజుల్లో తయారు చేస్తుంది. నర్సీపట్నం పక్క పల్లెలో నెట్ అంతంతమాత్రం ఉన్న అమ్మమ్మకు 360పీ, అమెరికాలో ఉన్నవాడికి పైది. అంటే ఇక్కడినుంచి ఎక్కువ బిట్లు పంపితే అమ్మమ్మ డేటా ఎక్కువ అవుతుందన్న భయం అక్కర్లేదు. కానీ గళ్లతో వెళ్లింది గళ్లతోనే మళ్లీ కుదింపుకు గురై ఇంకా దిగజారుతుంది. చెడింది అక్కడ బాగుపడదు.

రికార్డింగ్ లెక్క వేరు

లైవ్‌కు వాడేది సీబీఆర్, అంటే ప్రతి సెకనుకూ ఒకే బిట్‌రేట్. సింహాచలం వెళ్లే సిటీ బస్సు లాంటిది. మామూలు రోజు సగం సీట్లు ఖాళీగా వెళ్లినా బస్సు బస్సే, చందనోత్సవం రోజు జనం ఫుట్‌బోర్డు మీద వేలాడినా సీట్లు అవే. దారి ఇరుకు కాబట్టి లైవ్‌కు ఈ క్రమశిక్షణ తప్పదు. రికార్డింగ్‌కు ఆ ఖర్మ లేదు. అక్కడ నెట్ లేదు, కార్డో డిస్కో ఉంది. జనాన్ని బట్టి బస్సులు వేసుకోవచ్చు.

అందుకే ల్యాప్‌టాప్‌లో రికార్డింగ్‌కు బిట్‌రేట్ కాకుండా నాణ్యతను స్థిరంగా ఉంచే పద్ధతి పెట్టుకోవడం మంచిది. హెచ్.264 వీడియో తయారుచేసే ఎక్స్264 సాఫ్ట్‌వేర్‌లో దాని పేరు సీఆర్ఎఫ్. 0 నుంచి 51 దాకా ఉండే అంకె, మామూలుగా 23. అంకె తగ్గితే నాణ్యత పెరుగుతుంది, ఫైలూ పెరుగుతుంది. ఆరు అంకెలు తగ్గిస్తే ఫైలు ఇంచుమించు రెట్టింపు. పెళ్లికి 18 దగ్గర పెడితే ఎడిటింగ్‌కు కూడా పనికొస్తుంది. ఇందులో ఒకే ఇబ్బంది, ఫైలు ఎంతవుతుందో ముందుగా చెప్పలేం. మంత్రాలప్పుడు నాలుగు ఎంబీపీఎస్‌తో నడిచింది తలంబ్రాలప్పుడు ఇరవై దాటొచ్చు. అందుకని ఐదు నిమిషాలు మధ్యస్థమైన సందడిని రికార్డు చేసి, ఫైలు సైజు చూసి, పన్నెండుతో గుణించి, దానికి మూడో వంతు కలుపుకుంటే గంట లెక్క చేతికొస్తుంది. సూత్రాలకంటే ఇదే నమ్మకమైన అంచనా. ఓబీఎస్‌లో “స్ట్రీమ్ ఎలా ఉంటే రికార్డింగ్ అలా” అన్న సెట్టింగ్ వదిలేస్తే మాత్రం ఇంటివాళ్ల దగ్గర జీవితాంతం ఉండే కాపీ కూడా ఆ గళ్లదే అవుతుంది. ఇంకో మాట, రికార్డింగ్ ఎంకేవీ ఫైలుగా పెట్టుకోవాలి. కరెంటు పోయి జనరేటర్ అందుకునేలోపు ల్యాప్‌టాప్ ఆరిపోతే ఎంపీ4 ఫైలు మొత్తానికే తెరుచుకోకపోవచ్చు. ఎంకేవీలో అప్పటిదాకా తీసింది మిగులుతుంది.

కెమెరా కార్డుల లెక్క తేలిక, బిట్‌రేట్ కెమెరాయే చెబుతుంది. 64 జీబీ కార్డు, 50 ఎంబీపీఎస్ అయితే సెకనుకు 6.25 ఎంబీ, మొత్తం రెండు గంటల యాభై నిమిషాలు. 100 ఎంబీపీఎస్ 4కే (1080పీకి నాలుగు రెట్ల చుక్కలు) అయితే గంటా పాతిక నిమిషాలు. కార్డు మీద వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 మెగాబైట్లు, అంటే 240 మెగాబిట్లు రాయగలదని అర్థం, పెళ్లి కెమెరాలకు ధారాళంగా చాలు. ఐఫోన్ అయితే కెమెరా సెట్టింగుల్లోనే నిమిషానికి ఎన్ని ఎంబీలో రాసి ఉంటుంది. 1080పీ 30 ఫ్రేములకు 60 ఎంబీ, 4కే 30కి 170, 4కే 60కి 400. నిమిషానికి ఎంబీలను 7.5తో భాగిస్తే ఎంబీపీఎస్ వస్తుంది: 8, 22.7, 53.

సీసీ కెమెరాలకూ ఇదే లెక్క. 2 ఎంబీపీఎస్ కెమెరా రోజుకు 21.6 జీబీ తీసుకుంటుంది. బీచ్ రోడ్డులో ఒక షాపుకు నాలుగు కెమెరాలుంటే రోజుకు 86 జీబీ, ఒక టీబీ డిస్కులో పదకొండున్నర రోజులు. దృశ్యాన్ని బట్టి బిట్‌రేట్ మారే సెట్టింగ్ ఉంటే మూసిన షట్టర్లను చూసే కెమెరా బాగా తక్కువ తీసుకుంటుంది, ఊగే కొబ్బరాకులను చూసేది మొత్తం వాడుకుంటుంది. వానాకాలం రాత్రి ఇన్‌ఫ్రారెడ్ లైటుకు చినుకులు తెల్లటి గీతల్లా మెరుస్తుంటే, ఆ కెమెరా దృష్టిలో అవి కూడా తలంబ్రాలే.

మళ్లీ మధురవాడ మండపానికి. కొలిస్తే 4.9 ఎంబీపీఎస్ తేలింది కదా. 720పీ, 25 ఫ్రేములు, 4.9 వీడియోకు, 128 కేబీపీఎస్ ధ్వనికి. మూడు గంటలకు దాదాపు 6.8 జీబీ అప్‌లోడ్. మంత్రాలకు కావలసినదానికి మూడు రెట్లు ఉంది, చుట్టాల తిరుగుళ్లకూ చాలు. తలంబ్రాలకు కావలసిన 6.45కి మాత్రం ఇంకా ఒకటిన్నర తక్కువ. ఆ లోటును కెమెరామన్ పూడ్చాలి. దగ్గరి షాటు పెడితే తెరంతా గింజలే. స్టాండు మీద కదలకుండా ఉన్న దూరపు కెమెరాకు మిక్సర్‌లో మారిస్తే గింజలు తెరలో ఐదో వంతుకు మించవు, మిగతా అంతా పాత బాకీ. ఆ రెండు నిమిషాలు క్రేన్ ఊపకుండా ఉంటే ఇంకా మంచిది. పెళ్లికూతురు దోసిలి ఎత్తడం, పెళ్లికొడుకు తల వంచకుండా మొండికేయడం లాంటివి దగ్గరగా తీసే కెమెరా తన కార్డు మీద 50 ఎంబీపీఎస్‌తో తీసుకుంటూనే ఉంటుంది. లైవ్ ముగిశాక ఆ రెండు నిమిషాల ముక్కను 8 ఎంబీపీఎస్‌కు కుదిస్తే 120 ఎంబీ. వాట్సాప్‌లో మామూలు వీడియోగా పంపితే అది మళ్లీ పిండేస్తుంది కాబట్టి డాక్యుమెంట్‌గా పంపాలి. లైవ్‌లో రెండు నిమిషాల సరుకు రెండు నిమిషాల్లోనే వెళ్లాలి. ఫైలుకు ఆ తొందర లేదు, అదే 4.9 దారి మీద మూడు నిమిషాల పదహారు సెకన్లలో వెళ్లిపోతుంది. అమెరికాలో ఉన్న పెదనాన్న కొడుకు లంచ్ బాక్స్ కడుక్కుని వచ్చేసరికి ఫోన్లో ఉంటుంది.